మర్జ్ ఒక్క బిడ్డది, దర్ద్ ఖాందాన్‌ది

యాకూబ్ అలైహిస్సలాం కిస్సా మన ఇళ్లల్లో తెలియనిదెవరికి! యూసుఫ్ దూరమైన గమ్‌తో ఆ తండ్రి కళ్లు తెల్లబడిపోయాయి. ఏళ్ల తర్వాత కొడుకు కమీజు ముఖమ్మీద వేయగానే చూపు తిరిగొచ్చింది. అది అల్లాహ్ కుద్రత్. అందులో నాకు షక్ లేదు. అయితే సూరె యూసుఫ్‌లో ఆ కళ్ల గురించి చెప్పిన చోట ఒక మాట వుంది: ‘కజీమ్’. గమ్‌ను బయటికి రానీయకుండా లోలోపలే దిగమింగుకునేవాడని దాని మతలబ్. ఇంట్లో అన్నదమ్ముల మధ్య జరిగింది ఒకటి. దాని బరువు పడింది తండ్రి కళ్ల మీద.

పెద్దవాళ్ల ఒళ్లే ఇలా మాట్లాడితే పిల్లల ఒళ్లు మాట్లాడదా? కడుపునొప్పి, తలనొప్పి, వాంతులు, ఉన్నట్టుండి కాలు చచ్చుబడటం, స్పృహ తప్పి పడిపోవడం... రక్తపరీక్షలైపోతాయి, స్కాన్‌లైపోతాయి, రిపోర్టులన్నీ ‘నార్మల్’ అంటాయి. బిడ్డకు మాత్రం నొప్పి పోదు. అప్పుడు మన ఇళ్లల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, “నఖ్రాలు చేస్తోంది, ఇస్కూలు ఎగ్గొట్టే బహానా.” రెండు, “నజర్ తగిలింది, సాయా పడింది, ఫలానా ఆమిల్ దగ్గరికి తీసుకుపోండి.” మొదటి మాటతో బిడ్డ అబద్ధాలకోరు అయిపోతుంది. రెండో మాటతో బిడ్డ చుట్టూ ఒక ఖౌఫ్ అల్లుకుంటుంది. ఆ బిడ్డను కూర్చోబెట్టుకుని “మన ఇంట్లో ఏం జరుగుతోంది?” అని అడిగేవాళ్లుండరు.

ఆ సవాల్‌ను అడగడం దునియా ఎలా నేర్చుకుందో, నేర్చుకునే దారిలో ఎన్ని గలతీలు చేసిందో చెప్పే తారీఖ్ ఇది. అందులో మన బుజుర్గుల వాటా కూడా తక్కువేం కాదు.

బల్ఖ్ నుంచి మొదలుపెడదాం. ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని ఆ ఇలాఖాలో 850లో పుట్టినవాడు అబూ జైద్ అల్ బల్ఖీ. 934లో ఇంతెకాల్ అయ్యాడు. ఫల్సఫా, జుగ్రాఫియా, తిబ్ మూడింట్లోనూ ఆలిం. ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అని ఒక కితాబ్ రాశాడు. అంటే ఒళ్ల మేలు, నఫ్స్‌ల మేలు అని. సగం కితాబ్ ఒంటి గురించి, సగం నఫ్స్ గురించి. తన జమానా తబీబులు ఒంటిని మాత్రమే చూసి నఫ్స్‌ను వదిలేస్తున్నారని అతని షికాయత్. ఇన్సాన్ అంటే ఒళ్లూ నఫ్సూ కలిసిన కట్టడం, ఒకదానికి జబ్బు చేస్తే రెండోదానికి సుఖం వుండదు అన్నది అతని బునియాద్. నఫ్స్ జబ్బుల్ని కోపం, ఖౌఫ్, గమ్, వస్‌వసా అని నాలుగు రకాలుగా విడదీశాడు. గమ్‌లో కూడా కారణం తెలిసిన గమ్, కారణం తెలియని గమ్ అని రెండు చెప్పాడు. వెయ్యేళ్ల పైచిలుకు కిందటి మాట ఇది! సూడాన్ సైకాలజిస్టు మాలిక్ బద్రీ ఆ రెండో సగాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి తెచ్చింది 2013లో. అంతకాలం మన ఖజానా మనకే తెలియకుండా పడివుంది.

బల్ఖీ తర్వాత ఇబ్నె సీనా (980-1037). అతని గురించి ఒక వాకియా నిజామీ అరూజీ సమర్ఖందీ రాసిన ‘చహార్ మఖాలా’లో వుంది. గుర్గాన్‌లో పాలకుడి చుట్టం కుర్రాడొకడు మంచం పట్టాడు. ఏ తబీబుకీ మర్జ్ దొరకలేదు. ఇబ్నె సీనా వచ్చి అతని నబ్జ్ మీద వేలు పెట్టాడు. ఊరంతా తెలిసిన మనిషినొకణ్ని పిలిపించి మొహల్లాల పేర్లు చదవమన్నాడు. ఒక మొహల్లా పేరు రాగానే నబ్జ్ ఎగిరింది. ఆ మొహల్లాలో గల్లీల పేర్లు, ఆ గల్లీలో ఇళ్ల పేర్లు, ఆ ఇంట్లో మనుషుల పేర్లు... ఒక పేరు దగ్గర నబ్జ్ అంతా చెప్పేసింది. కుర్రాడిది ఇష్క్. ఇలాజ్ నిఖా. ఇలాంటి కిస్సా యూనాన్‌లో ఇంకా ముందే వుంది, ఎరాసిస్త్రాతస్ అనే తబీబు పేరు మీద. కాబట్టి ఇది జరిగిందా, అల్లిందా అన్న బహస్ పక్కన పెడదాం. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో కూడా ఈ నబ్జ్ పద్ధతిని రాసిపెట్టాడు.

నాకు ఇందులో ఇష్క్ కంటే తరీఖా ఎక్కువ నచ్చుతుంది. హకీం కుర్రాణ్ని “నాటకాలాడుతున్నావా?” అని అడగలేదు. జిన్నును వదిలించబోలేదు. వాడి ఒళ్లు నిజమే చెబుతోందని నమ్మాడు. ఆ నిజం ఏ ఇంట్లో వుందో వెతుక్కుంటూ పోయాడు. ఇలాజ్ కూడా మందు సీసాలో దొరకలేదు. రెండు కుటుంబాలు కూర్చుని తేల్చాల్సి వచ్చింది.

ఇదే ఇల్మ్ మన దక్కన్‌కు యూనానీ వైద్యంగా వచ్చింది. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా మీకు తెలిసిందే. యూనానీలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని ఆరు జరూరీ విషయాలు చెబుతారు: గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలికా విశ్రాంతీ, నఫ్స్ కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలిచేదీ బయటికి పోయేదీ. నాలుగోది చూడండి. తిండితో సమానంగా మనసు కదలికను లెక్కలో పెట్టారు. దాన్ని మన వాళ్లు మరిచి, నాలుగో దాని కోసం ఆమిల్ దగ్గరికి, మిగతా ఐదింటి కోసం డాక్టర్ దగ్గరికి పోవడం మొదలుపెట్టారు.

అలాగని మన పాత తిబ్ అంతా సోనా అని చెప్పను. కారణం దొరకని ఆడవాళ్ల మూర్ఛల్ని యూనాన్ తబీబులు గర్భసంచి మీదకి నెట్టేశారు. అదే ఖయాల్ ‘ఇఖ్తినాఖుర్రహిం’ అనే పేరుతో మన కితాబుల్లోకీ వచ్చింది. యూరప్‌లో దాని పేరు హిస్టీరియా. పేరు ఏదైనా ఇల్జాం మాత్రం ఆడదాని ఒంటి మీదే.

పందొమ్మిదో సదీలో యూరప్ ఈ మర్జ్‌ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. పారిస్‌లో సాల్‌పేత్రియేర్ దవాఖానాలో షార్కో అనే పెద్ద డాక్టర్ హిస్టీరియాను నరాల జబ్బుగా చదివాడు. ఇలాజ్‌లో అతను గట్టిగా పట్టుబట్టిన షర్త్ ఒకటుంది: బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీయాలి. లండన్‌లో విలియం గల్ కూడా, తిండి మానేసి ఎముకల గూడైపోయే ఆడపిల్లల గురించి రాస్తూ, వాళ్లను చూసుకోవడానికి సొంతవాళ్లంత పనికిరానివాళ్లు లేరన్నాడు. అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టర్ వీర్ మిచెల్ మరీజును ఇంటి నుంచి వేరుచేసి, పడుకోబెట్టి, బాగా తినిపించే ‘విశ్రాంతి ఇలాజ్’ పెట్టాడు. అందరికీ ఒక సంగతి అర్థమైంది, మర్జ్‌కూ ఖాందాన్‌కూ ఏదో తాలూకా వుందని. కానీ వాళ్లకు తట్టిన దారి ఒకటే, ఖాందాన్‌ను గేటు బయట నిలబెట్టడం. 1873లో పారిస్‌కే చెందిన లసేగ్ మాత్రం, మరీజును చూసేటప్పుడు చుట్టూ వున్న ఇంటివాళ్ల ఆత్రాన్నీ కలిపి చూడకపోతే జబ్బు సగమే కనిపిస్తుందని రాశాడు. ఆ మాట చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు.

కడుపునొప్పి పిల్లల లెక్క తీసిన మొదటివాళ్లలో ఇంగ్లాండ్ పిల్లల డాక్టర్ జాన్ ఆప్లే ఒకడు. బ్రిస్టల్ ఇలాఖాలో వెయ్యి మంది బడిపిల్లల్ని చూసి 1958లో నోరా నేష్‌తో కలిసి ఫలితాలు అచ్చువేశాడు. మూడు నెలల కాలంలో కనీసం మూడుసార్లు, ఆటా చదువూ ఆగిపోయేంత నొప్పి వస్తే లెక్కలోకి తీసుకున్నాడు. పదిమందిలో ఒకరికి పైగా ఆ కొలతకు వచ్చారు. వాళ్లలో ఒంటి జబ్బు దొరికింది చాలా కొద్దిమందిలోనే. ఆ పిల్లల ఇళ్లల్లో నొప్పులతో బాధపడే పెద్దవాళ్లు కూడా మిగతా ఇళ్లకంటే ఎక్కువ కనిపించారు. ఆప్లే చెప్పిన ఒక గుర్తు ఇప్పటికీ డాక్టర్ల నోట వినిపిస్తుంది: నొప్పి బొడ్డు నుంచి ఎంత దూరంగా వుంటే ఒంటి జబ్బు వుండే అవకాశం అంత ఎక్కువ. బొడ్డు చుట్టూ తిరిగే నొప్పి అబద్ధం కాదు. అది వేరే ఖబర్ తెచ్చిన ఖాసిద్.

ఇక అసలు మలుపు మళ్లీ ఫిలడెల్ఫియాలోనే వచ్చింది. వీర్ మిచెల్ ఖాందాన్‌ను బయటికి పంపిన షహర్‌లోనే ఇంకో డాక్టర్ ఖాందాన్‌ను లోపలికి పిలిచాడు. పేరు సాల్వడార్ మినూచిన్. 1921లో అర్జెంటీనాలో యూదు ముహాజిర్ల ఇంట పుట్టాడు. 1948లో ఇస్రాయీల్ ఫౌజులో డాక్టరుగా పనిచేశాడు. ఆ సంగతి మన దిల్‌కు గుచ్చుకుంటుంది. దాచి చెప్పడం తారీఖ్ కాదు గనక చెబుతున్నాను. ఇల్మ్ ఎక్కడున్నా తీసుకోవడం మన పెద్దల రివాజ్. బల్ఖీ, ఇబ్నె సీనా యూనాన్ తబీబుల దగ్గర తీసుకున్నదీ అలాగే.

న్యూయార్క్ దగ్గర విల్ట్‌విక్ అనే బడిలో నల్లజాతి, ప్యూర్టోరికన్ గరీబు పిల్లలతో మినూచిన్ మొదట పనిచేశాడు. పిల్లాణ్ని ఒక్కణ్నే కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఫాయిదా లేదని, వాడు తిరిగిపోయేది అదే ఇంటికి, అదే తంగీకి కదా అని అక్కడే అతనికి సమజైంది. మురికివాడల ఖాందాన్‌ల మీద 1967లో సాథీలతో కలిసి కితాబ్ వేశాడు. 1965 నుంచి ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్ అతని చేతికింద వుంది. అక్కడికి షుగర్ వున్న కొందరు ఆడపిల్లలు వచ్చారు. ఇన్సులిన్ సరిగ్గానే తీసుకుంటున్నారు. దవాఖానాలో వున్నన్నాళ్లు బాగుంటారు. ఇంటికి పోగానే ప్రాణం మీదికొచ్చి మళ్లీ అడ్మిట్ అవుతారు. ఎందుకు?

మినూచిన్, బెర్నిస్ రోస్‌మన్, లెస్టర్ బేకర్ ముగ్గురూ ఒక తజ్రుబా చేశారు. ముందు అమ్మీ అబ్బాలను ఒక గదిలో కూర్చోబెట్టి వాళ్ల తగాదా విషయం మాట్లాడించారు. బిడ్డ అద్దం వెనక నుంచి చూస్తూ వుంది. తర్వాత బిడ్డను వాళ్ల మధ్యకు పంపారు. ఇంత సేపూ అందరి నుంచీ మధ్యమధ్యలో కొద్దికొద్దిగా నెత్తురు తీసి, తనావ్‌లో పెరిగే కొవ్వు ఆమ్లాల్ని కొలిచారు. తగాదాలో తల్లిదండ్రుల నెత్తురులో అవి పెరిగాయి. బిడ్డ గదిలోకి రాగానే వాళ్లవి దిగాయి. బిడ్డవి పెరిగాయి, తగాదా ముగిశాక కూడా త్వరగా దిగలేదు. పెద్దవాళ్ల మంట చల్లారింది, ఆ సెగ బిడ్డ నెత్తురులోకి పోయింది. 1978లో వచ్చిన వాళ్ల కితాబ్‌లో షుగర్ పిల్లల సంగతీ, ఉబ్బసం పిల్లల సంగతీ, తిండి మానేసే పిల్లల సంగతీ వున్నాయి. వీళ్లవి ‘కారణం లేని’ జబ్బులు కావు. ఐనా పరీక్షల్లో ఏమీ దొరకని పిల్లల వైపు డాక్టర్లు చూసే నజర్ ఇక్కడే మారింది.

అలాంటి ఇళ్లల్లో మినూచిన్‌కు కనిపించినవి నాలుగు. ఒకరి జీవితంలోకి ఒకరు తలుపు లేకుండా చొరబడటం, హద్దు దాటిన హిఫాజత్, మారలేని జిద్, తగాదాను తేల్చకుండా కప్పిపెట్టడం. మన ఇళ్లల్లో ఇందులో రెండింటిని మొహబ్బత్ అంటారు, ఒకదాన్ని ఉసూల్ అంటారు, ఇంకోదాన్ని షరాఫత్ అంటారు. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

అయితే కిస్సా ఇక్కడ ఆగితే జులుం అయిపోతుంది. మినూచిన్ చూసిన ఖాందాన్‌లు తక్కువ. పోల్చి చూసే వేరే గుంపును సరిగ్గా పెట్టలేదు. తర్వాత వచ్చిన తహకీక్‌లో, ఫలానా రకం ఖాందాన్ వల్ల ఫలానా జబ్బు వస్తుందన్న మాట నిలబడలేదు. బిడ్డ మంచం పడితే ఏ ఇల్లయినా బిగుసుకుపోతుంది, హద్దు దాటి కాపాడుకుంటుంది. ఏది కారణం, ఏది నతీజా? ఈ సిద్ధాంతాన్ని పైపైన చదివినవాళ్ల చేతిలో ఇల్జాం అంతా అమ్మీల నెత్తిన పడింది. నిన్న ఆడదాని గర్భసంచి కసూర్వార్, నేడు అమ్మ ప్రేమ కసూర్వార్.

లండన్‌లో మాడ్‌స్లీ దవాఖానావాళ్లు ఈ గలతీని దిద్దారు. తిండి మానేసే పిల్లల మీద 1987లో వాళ్లు వేసిన తహకీక్‌లో, చిన్న వయసులో జబ్బు మొదలై మూడేళ్లు దాటనివాళ్లకు ఖాందాన్‌తో కలిపి చేసిన ఇలాజ్ ఎక్కువ పనిచేసింది. అక్కడి నుంచి పెరిగిన దారిలో తల్లిదండ్రులు ముల్జిములు కారు, బిడ్డను బయటికి లాగే చేతులు. తల్లిదండ్రుల్ని పిలవడం కసూర్ తేల్చడానికి కాదు, మదద్ కోసం.

కడుపునొప్పి పిల్లల విషయంలో కూడా అదే దారి పట్టింది. 2006లో అమెరికాలో లిన్ వాకర్ బృందం ఒక చిన్న తజ్రుబా చేసింది. పిల్లలకు నీళ్లు ఎక్కువ తాగించి కడుపు బరువెక్కేలా చేశారు. కొందరు తల్లిదండ్రుల్ని నొప్పి గురించే అడుగుతూ వుండమన్నారు, కొందర్ని మాట మళ్లించమన్నారు. నొప్పి గురించే అడిగినచోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మాట మళ్లించినచోట దాదాపు సగానికి తగ్గాయి. పిల్లలేమో మాట మళ్లించడమే నయం అన్నారు. తల్లిదండ్రులకు మాత్రం అలా చేస్తే బిడ్డకు నష్టమేమో అనిపించింది. ప్రతి పది నిమిషాలకూ “ఇంకా నొస్తోందా బేటా?” అని అడగడం మొహబ్బతే. కానీ బిడ్డ చెవికి అది ‘ఏదో పెద్ద ముసీబత్ వచ్చింది’ అని వినిపిస్తుంది. 2010లో రోనా లెవీ బృందం రెండు వందలమంది పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ కలిపి చూసింది. నొప్పిని తట్టుకునే తరీఖా బిడ్డకూ, నొప్పికి జవాబిచ్చే తరీఖా పెద్దలకూ మూడంటే మూడు సిట్టింగుల్లో నేర్పారు. జబ్బు గురించి మామూలు సమాచారం మాత్రమే విన్నవాళ్లకంటే వీళ్ల పిల్లలకు నొప్పి ఎక్కువ తగ్గింది.

మన ముల్క్‌కు కూడా ఇందులో ఇజ్జత్‌గల చోటుంది. 1950లలో అమృత్‌సర్ పిచ్చాసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ మరీజుల ఇంటివాళ్లను ఆవరణలోనే డేరాలు వేయించి వుంచాడు. ఇంటిమనిషి పక్కనుంటే ఇలాజ్ త్వరగా పడుతుందని అతని నమ్మకం. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, బెంగుళూరు నిమ్‌హాన్స్ ఆ దారిని ఇంకా పెంచాయి. ఖాందాన్‌ను లోపలికి రానివ్వాలా వద్దా అని అక్కడి డాక్టర్లు బహస్ చేస్తున్న కాలంలో, ఇక్కడ ఖాందాన్ సద్దిమూటతో సహా వచ్చి కూర్చుంది.

ఐనా మన గల్లీల్లో ఆ దారి కనిపించదు. ‘ఎర్రగడ్డ’ అనే పేరే ఒక గాలి అయిపోయిన షహర్ మనది. నేను ఉర్దూ మీడియం ఇస్కూల్లో చదువుతున్నప్పుడు మా జమాత్‌లో ఒకడికి ఏడాదికోసారి, రెండేళ్లకోసారి కడుపునొప్పి వచ్చేది. వాళ్ల అబ్బా సౌదీలో. చుట్టీ మీద వచ్చి తిరిగిపోయే వారం ముందు మొదలయ్యేది, ఆయన విమానమెక్కాక నెలరోజులుండేది. వాడి చేతికి తావీజులు పెరిగాయే గానీ, ఆ తారీఖుల్ని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. తెలంగాణలో, రాయలసీమలో ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని. అబ్బా ఫోనులో వుంటాడు, అమ్మీ సబర్ చేస్తూ వుంటుంది, దాదీ ఒకటంటుంది, ఫుప్పు ఒకటంటుంది. ఎవరూ గొంతెత్తరు. బిడ్డ కడుపు గొంతెత్తుతుంది. ఇలాంటి ఇంటికి ఖాందానీ ఇలాజ్ చేయాలంటే అమ్మీని ఒక్కదాన్నే పిలిస్తే చాలదు. దాదీ రావాలి, అబ్బా వీడియో కాల్‌లోనైనా కూర్చోవాలి.

ఒక్కోసారి ఇల్లు కూడా సరిపోదు. స్వీడన్‌లో 2003-05 మధ్య నాలుగు వందల మందికి పైగా పిల్లలు మాటా తిండీ మానేసి, కళ్లు మూసుకుని మంచాన పడిపోయారు. గొట్టంతో తిండి పెట్టాల్సి వచ్చింది. అందరూ పనాహ్ అడుగుతూ వచ్చిన ఖాందాన్‌ల పిల్లలు. ‘వెళ్లిపోండి’ అన్న సర్కారీ కాగితం ఎప్పుడొస్తుందోనన్న ఖౌఫ్ ఇల్లంతా నిండివుంది. ఆ ఇలాజ్ మీద అక్కడ ఇప్పటికీ బహస్ వుంది. కానీ మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఖాందాన్ గోడలకు బయట కూడా జమానా వుంటుంది. ఇల్లు కూలుతుందేమో, కాగితాలు అడుగుతారేమో, అన్నను పట్టుకుపోతారేమో అని పెద్దవాళ్లు గుసగుసలాడుకునే ఇంట్లో బిడ్డ నిద్రపోతోందని అనుకోకండి. వింటూ వుంటుంది.

ఇప్పుడు మన పని. మొదట డాక్టర్. బరువు తగ్గడం, మలంలో నెత్తురు, పచ్చటి వాంతులు, వదలని జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి, ఎదుగుదల ఆగడం, ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ‘మనసు జబ్బు’ అనేసి ఒంటి జబ్బును వదిలేయడం కూడా జులుమే. పరీక్షల్లో ఏమీ లేదని తేలాక, స్కాన్ సెంటర్ మార్చి మళ్లీ అవే పరీక్షలు చేయించకండి. నొప్పి నిజమేనని బిడ్డ ముందు ఒప్పుకోండి. రోజుకు ఒక గంటైనా సరే ఇస్కూలుకు పంపండి. ఆట ఆపొద్దు. నొప్పి లేని రోజు కూడా బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోండి, లేకపోతే నొప్పి వస్తేనే ఒడి దొరుకుతుందని బిడ్డ ఒళ్లు నేర్చుకుంటుంది. బిడ్డను మీ తగాదాకు గవాహ్‌గానూ, ఖాసిద్‌గానూ వాడుకోకండి. బిడ్డ ఇస్కూల్లోనో, చుట్టాల ఇంట్లోనో ఎవరి చేతిలోనైనా జులుం పడుతోందా అని మెల్లగా, ఒంటరిగా అడగండి. ఆ జవాబు విని ఇజ్జత్ పేరుతో నోరు మూయించకండి.

దమ్ చేయించడం, దువా చదవడం మానమని నేననడం లేదు. అమ్మీ చేయి నుదుటి మీద పెట్టి సూరాలు చదివితే వచ్చే సుకూన్ నాకు తెలుసు. కానీ దవా చేయించుకోవడం కూడా సున్నతే. బిడ్డను కొట్టే, గొలుసులేసే, పొగబెట్టే ఆమిల్ దగ్గర షిఫా లేదు.

ముమిన్‌లంతా ఒకే ఒళ్లు లాంటివాళ్లని, ఒక అవయవానికి నొప్పి వస్తే ఒళ్లంతా జాగారం చేస్తుందని మన హదీసులో వుంది. మన ఇళ్లల్లో చాలాసార్లు తలకిందులుగా జరుగుతోంది. ఒళ్లంతా హాయిగా నిద్రపోవడానికి అన్నిటికంటే చిన్న అవయవం ఒక్కటే నొప్పిని మోస్తోంది. ఈసారి మీ బిడ్డ పొద్దున్నే కడుపు పట్టుకుని కూర్చుంటే, డాక్టర్ చీటీ పక్కన ఒక కాగితం పెట్టి తారీఖులు రాయండి. నొప్పి వచ్చిన రోజు, దానికి ముందురోజు ఇంట్లో ఏం జరిగిందో. నెల తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ కాగితం చదవండి. చదివేటప్పుడు బిడ్డను కాదు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకోండి.